వెరోనా వదిన, సూఫ్రియేర్ పడవలు

మా ఆయనకి అక్క ఒక్కతే. పేరు వెరోనా. నేను కాపరానికి వచ్చిన మొదటి వారంలోనే నన్ను గుమ్మంలో కూర్చోబెట్టుకుని ఇంటి సంగతులు చెప్పేసింది.

"చూడు అన్సెల్మా, ఈ ఇంట్లో చేప నేను కోస్తాను, నువ్వు వండు. ఇక హిల్రాయ్ మీద నా దగ్గర చాడీలు చెప్పకు. వాణ్ణి పెంచింది నేనే. వాడెలా తయారయ్యాడో నాకు తెలుసు."

హిల్రాయ్ అంటే మా ఆయన. పక్కనే కూర్చుని చిరిగిన వల కుట్టుకుంటున్నాడు. ఆ మాట విని తల ఎత్తకుండానే నవ్వాడు.

వదిన చెప్పింది నిజమే. వాళ్ళమ్మ పోయేనాటికి మా ఆయన ఇంకా పాకుతున్నాడట. వాళ్ళ నాన్నకి పడవలో తోడు కావాలి, ఇంట్లో ఉన్నది ఈ పిల్ల ఒక్కతే. చంటివాణ్ణి పొరుగింట్లో దించి, ఆయన వెంట తెల్లారకముందే సముద్రంలోకి పోయేది. మగపిల్లలున్న ఇళ్ళవాళ్ళు మూతులు తిప్పుకున్నారు. ఆడపిల్ల కాలు పెట్టిన పడవకి చేప రాదన్నారు. చేపలు ఆ మాట వినలేదు కాబోలు, వచ్చేవి. తరవాత మా మామగారి నడుం పట్టేసింది. హిల్రాయ్ చేతికి తెడ్డు అందేదాకా ఆ పడవని నడిపింది వదినే. అది అందిన రోజున పడవ మోకు తమ్ముడి చేతిలో పెట్టి, "ఇక నీదిరా, మునగకు" అని చెప్పి, మా దీవికి రాజధాని రోజో పట్నం వెళ్ళి ఒక రొట్టెల కొట్లో వ్యాను నడిపే పనిలో చేరింది.

ఏళ్ళ తరబడి రొట్టెలు మోసింది. దీవిలో ఏ మలుపు దగ్గర గేరు మార్చాలో, ఏ ఊళ్ళో కుక్కలు రోడ్డుకి అడ్డంగా పడుకుంటాయో ఆవిడ కాళ్ళకీ చేతులకీ తెలిసిపోయింది. చివరికి ఆ పాత వ్యానునే కొనుక్కుని, ఊరికి తిరిగొచ్చి, సీట్లు బిగించి, పసుపురంగు వేయించి, దాని నుదుటి మీద "ఎవరేమన్నా సరే" అని మా పాట్వా భాషలో రాయించుకుంది. పెయింటరు అడిగాడట, దేవుడి పేరు రాయనా అని. "దేవుడికి నా సంగతి తెలుసు, జనానికే తెలియాలి" అందట.

ఆ తరవాత పెద్ద తుఫాను వచ్చింది. మా ఊరు సూఫ్రియేర్‌లో కప్పు మిగిలిన ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొండల మీద ఒక్క ఆకు లేదు. దీవి గొరిగిన తలలా ఉండేది. రోడ్డు కొట్టుకుపోయి, నెలల తరబడి ఊరంతా పడవల మీదే బతికింది. బియ్యమైనా, రేకులైనా, నొప్పులొచ్చిన ఆడమనిషైనా పడవలోనే. వదిన వ్యాను మాత్రం చెక్కుచెదరలేదు. చర్చి గుడి గోడ పక్కన పెట్టి, పడవ మోకులతో ఎనిమిది దిక్కులా కట్టేసింది మరి.

తుఫాను తరవాత షికారుకొచ్చే విదేశీయుల ఓడలు చాలాకాలం రాలేదు. మళ్ళీ మొదలయ్యాక పొద్దున రోజోలో ఆగేవి, సాయంత్రం మా అఖాతం ముందు నుంచి దక్షిణానికి వెళ్ళిపోయేవి. ఒక్కొక్కటి నాలుగు గుళ్ళంత ఎత్తు. దీపాలు వెలిగించుకుని మా కళ్ళముందే పోయేవి. అందులోంచి దిగినవాళ్ళందరూ జలపాతాలకి పోతారు, తోటలకి పోతారు, మా ఊరి మొహం చూసినవాళ్ళు లేరు. చేపలు అమ్ముడుపోక, పనుల్లేక, కుర్రకారంతా పక్క దీవులకి పోయే దారి వెతుక్కుంటున్నారు.

"మనకి ఎప్పుడూ వాళ్ళ వీపే కనిపిస్తోందే అన్సెల్మా" అంది వదిన ఒక సాయంత్రం, గట్టు మీద నిలబడి. "మొహం ఎలా ఉంటుందో చూడాలి."

మరునాడే వ్యాను కడిగి రోజో రేవుకి తీసుకుపోయింది.

రేవులో ఎవరి బండి ముందు, ఎవరిది వెనక అని చెప్పే మనిషి బెర్ట్రాండ్. పొట్ట ముందుకు, టోపీ వెనక్కి. మాట కటువు గానీ మోసం చేసే మనిషి కాదు. మా వదినని చూడగానే నవ్వాడు.

"రొట్టెలు దించడానికొచ్చావా వెరోనా?"

"మనుషుల్ని ఎక్కించుకోవడానికొచ్చాను. సూఫ్రియేర్‌కి."

"మీ ఊళ్ళో ఏముందమ్మా చూపించడానికి? కుళ్ళిన గుడ్ల వాసన తప్ప."

మా ఊరి పైన గంధకపు నీటిబుగ్గలున్నాయి. ఆ వాసన గురించి అతని మాట.

"పోయిన ఏడు నీ మోకాళ్ళు పట్టేసినప్పుడు ఆ కుళ్ళిన గుడ్ల నీళ్ళలోనే కదా బెర్ట్రాండ్, పూటపూటా వచ్చి కూర్చున్నావు? పట్టుకుని దించింది నేనే. బరువు ఇంకా గుర్తుంది."

చుట్టూ ఉన్న డ్రైవర్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వుకి బెర్ట్రాండ్ మొహం మాడిపోయింది. వదిన బండిని వరసలో చిట్టచివర పెట్టించాడు. ఆ చివర దాకా ఏ ప్రయాణికుడూ నడిచి రాడు. అయినా ఆవిడ ఓడ వచ్చిన ప్రతి రోజూ వెళ్ళింది. బండి తుడుచుకుంటూ నిలబడింది, ఖాళీగా తిరిగొచ్చింది.

తిరిగొచ్చి ఊరుకునేదా? మా ప్రాణం తీసేది. బుగ్గల దగ్గర రాళ్ళు పేర్చి ముసలివాళ్ళు దిగేందుకు మెట్లు కట్టించింది. గట్టు మీద బాదం చెట్టు కింద బల్లలు వేయించింది. నా చేత వండించి, తిని, వంకలు పెట్టేది.

"చేమాకు పులుసులో పీత ఎక్కడే? వాసన చూపించి పంపేశావా?"

"ఎవరూ రానిదానికి పీతలెందుకు వదినా?"

"వస్తారు. వచ్చాక పీత కోసం పరిగెత్తితే బాగుండదు."

చివరికి వచ్చారు. ఆ రోజు రేవులో ఒకటికి రెండు ఓడలు ఆగాయి. బళ్ళన్నీ జలపాతాలకి వెళ్ళిపోయాయి. ఒక ముసలివాళ్ళ గుంపు మాత్రం ఎండలో మిగిలిపోయింది. ఒకే ఊరి చర్చిలో పాడేవాళ్ళట, అందరూ కలిసి బయల్దేరారు. వాళ్ళు గొణగడం మొదలెట్టారు. బెర్ట్రాండ్ అటూ ఇటూ చూశాడు. ఉన్నది ఒక్కటే, పసుపురంగు బండి.

"తీసుకుపో" అన్నాడు వదినతో, చూపు ఎటో పెట్టి. "కానీ ఒక మాట విను. ఓడ ఐదింటికి కదులుతుంది. అది ఎవరి కోసమూ ఆగదు. వీళ్ళలో ఒక్కరు ఒడ్డున మిగిలినా, నీ బండి మళ్ళీ ఈ రేవులో నిలబడదు."

"సరే" అంది వదిన.

వాళ్ళు మా ఊళ్ళో దిగిన క్షణం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ముందుగా దిగినావిడ ఇర్మా. పీచుమిఠాయి లాంటి తెల్లజుట్టు, చేతిలో కర్ర. ఆవిడ వెనక గోర్డన్ అనే పెద్దమనిషి, ఎర్ర టోపీ, మొహం నిండా చిరాకు. దిగుతూనే ముక్కు మూసుకున్నాడు.

"ఇదేం వాసన?"

"భూమి ఊపిరి తీస్తోంది సార్" అంది వదిన. "పావుగంటలో అలవాటైపోతుంది. అరగంటలో వదిలి రాబుద్ధి కాదు."

అలాగే అయింది. వెచ్చటి నీళ్ళలో గోర్డన్ కళ్ళు మూసుకుని గేదెలా పడుకున్నాడు. లేవమంటే లేవడు. తరవాత బాదం చెట్టు కింద నా వంట తిన్నారు. నిప్పుల మీద కాల్చిన సీమపనస, ఉడికించిన పచ్చి అరటికాయ, నిమ్మకాయ పిండిన చేప, పీతలేసిన చేమాకు పులుసు. ఇర్మా రెండోసారి అడిగి వేయించుకుంది. అప్పుడే కొండ మీద మబ్బు పట్టింది. కాసేపటికి అక్కడ కుండపోత, మా మీద నాలుగు చినుకులు. మేము పట్టించుకోలేదు. కొండ మీద వాన మాకు కొత్తా?

వదిన వాళ్ళని ఎక్కించుకుని బయల్దేరింది. వెళ్ళిన కాసేపటికే వ్యాను తిరిగొచ్చింది. దిగిన వదిన మొహంలో రక్తం లేదు.

"కొండ విరిగింది" అంది నాతో నెమ్మదిగా. "రోడ్డు మీద ఇళ్ళంత రాళ్ళు. ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు. కానీ ఈ రోజుకి దారి లేదు."

గోర్డన్ దిగాడు. "అంటే? ఓడ వెళ్ళిపోతుందా? మందులు ఓడలో ఉన్నాయి, పాస్‌పోర్టులు ఓడలో ఉన్నాయి. నాకు మొదటి నుంచీ అనుమానమే. ఈ బండి చూసినప్పుడే ఎక్కకుండా ఉండాల్సింది."

"తిట్టండి సార్, తప్పులేదు. ఐదు నిమిషాలు మాత్రం నన్ను ఆలోచించుకోనివ్వండి" అంది వదిన. గట్టు చివరికి వెళ్ళి సముద్రం కేసి నిలబడింది. నేను వెనకాలే వెళ్ళాను. వీపు మీద చెయ్యి వేశాను. ఉన్నట్టుండి ఆవిడ తల తిప్పి, ఇసక మీదికి లాగి ఉన్న పడవల్ని చూసింది.

"హిల్రాయ్ ఏడే?"

మా ఆయనా, మరో ఇద్దరు పడవలవాళ్ళూ చేపలు కడుక్కుంటున్నారు. వాళ్ళని పడవల్లో రోజో చేర్చుదామని వదిన అనగానే మా ఆయన చేతిలో కత్తి కింద పెట్టేశాడు.

"వద్దక్కా. ముసలివాళ్ళు. ఒక్కరు జారి నీళ్ళలో పడ్డా మనల్ని జైల్లో వేస్తారు. పైగా వాన నీటికి కొండ మీది చెట్లన్నీ సముద్రంలోకి కొట్టుకొచ్చుంటాయి. ఒక్క మొద్దు తగిలితే ఇంజను పోతుంది."

"తుఫాను తరవాత నీ పెళ్ళాన్ని నొప్పులతో ఎందులో తీసుకెళ్ళాం రా? అప్పుడు నీళ్ళలో మొద్దులు లేవా? ఇళ్ళ కప్పులే తేలాయి. ఆ రోజు ముందు నిలబడి దారి చూపించింది ఎవరు?"

మా ఆయన నా వంక చూశాడు. నేను తలూపాను. మా పెద్దది ఆ రోజే పుట్టింది.

"వాళ్ళు మన ఇంటికి భోజనానికొచ్చినవాళ్ళు" అంది వదిన. ఈసారి గొంతు మెత్తబడింది. "తిన్నాక క్షేమంగా ఇంటికి పంపాలి. అంతే కదరా."

మా ఆయన లేచి పడవకి భుజం ఆనించాడు. మిగతా ఇద్దరూ లేచారు. ఆ తరవాత ఊరు ఊరంతా కదిలింది. నీటి అడుగున ఈత నేర్పే కొట్టు నుంచి లైఫ్ జాకెట్లు వచ్చాయి. ఆడవాళ్ళు పడవల్లో చేప పొలుసు కడిగి, ఇళ్ళలోంచి దిండ్లు తెచ్చి పరిచారు. నా పెళ్ళినాటి దిండ్లు కూడా పోయాయి.

ఇర్మా మాత్రం ఒడ్డునే నిలబడిపోయింది. "నాకు ఈత రాదు. చిన్నప్పుడు మా ఊరి చెరువులో మునిగిపోబోయాను. అప్పటి నుంచీ నీళ్ళంటే భయం. ఓడ అంటే హోటల్ కదా అని ధైర్యం చేశాను. ఇది ఓడ కాదు."

వదిన ఆవిడ ముందు నిలబడి రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, మీకు ఈత రానక్కర్లేదు, నాకొచ్చు. నేను పడవ ముందు నిలబడతాను, మీరు నా వెనకే కూర్చుని నా నడుం పట్టుకోండి. భయమేస్తే గట్టిగా పట్టుకోండి, నేనేమీ అనుకోను."

ఇర్మా కర్ర నా చేతికిచ్చింది. వదిన వంగి ఆవిణ్ణి అమాంతం రెండు చేతులతో ఎత్తుకుని నీళ్ళలోకి నడిచి పడవలో కూర్చోబెట్టింది.

"మా ఆయన పెళ్ళినాడు కూడా నన్నిలా ఎత్తలేదు" అంది ఇర్మా. అందరూ నవ్వారు. గోర్డన్ కూడా, వద్దనుకుంటూనే.

కర్ర పట్టుకుని నేనూ అదే పడవ ఎక్కేశాను. ఎక్కమని ఎవరూ అనలేదు.

మూడు పడవలూ బారుగా బయల్దేరాయి. మాది ముందు. అఖాతం దాటేదాకా నీళ్ళు బాగానే ఉన్నాయి. కొండ విరిగిన చోటు ముందుకొచ్చేసరికి సముద్రం కోకో టీ రంగులోకి తిరిగింది. కొమ్మలు, వేళ్ళు, ఏకంగా కొబ్బరిచెట్లే తేలుతున్నాయి. వదిన పడవ కొసన కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. కుడి చెయ్యి ఎత్తితే మా ఆయన కుడికి తిప్పేవాడు, ఎడమ చెయ్యి ఎత్తితే ఎడమకి. రెండు చేతులూ ఎత్తితే ఇంజను ఆపేసేవాడు. మాటల్లేవు. చిన్నప్పుడు తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని నేర్పిన పద్ధతి కాబోలు. వెనక పడవలు మా నీటిచాలు వదలకుండా వచ్చాయి.

అలలు ఎగిరి లోపలికి నీళ్ళు పడుతున్నాయి. గోర్డన్ టోపీ గాలికి పోయింది. చేతులు కట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. వదిన వెనక్కి తిరక్కుండానే అంది, "సార్, మీ కాళ్ళ దగ్గర సొరకాయ బుర్ర ఉంది. ఊరికే కూర్చునే బదులు నీళ్ళు తోడండి."

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయాడు. తరవాత బుర్ర తీసుకుని తోడడం మొదలెట్టాడు. కాసేపటికి చొక్కా చేతులు మడిచాడు. ఇంకాసేపటికి, "ఈ పక్క నిండుతోంది, మీరు అటు జరగండి" అని మాకే పని చెప్పడం మొదలెట్టాడు.

ఇర్మా వదిన నడుం పట్టుకుని కళ్ళు మూసుకునే ఉంది. ఉన్నట్టుండి సన్నగా ఏదో పాట ఎత్తుకుంది. వాళ్ళ చర్చి పాట. భయానికి పాడిందో, ధైర్యానికి పాడిందో. వెనక పడవల్లోంచి మిగతావాళ్ళు అందుకున్నారు. ఇంజన్ల మోత మీదుగా ఆ గొంతులు అలా తేలుతూ వచ్చాయి. మాకు మాటలు రావు, మేము కూనిరాగం తీశాం. ఆవిడ కళ్ళు ఎప్పుడు తెరిచిందో నేను చూడలేదు గానీ, నేను చూసేసరికి ఒక చెయ్యి వదిలేసి పడవ పక్కన నీటిని తాకుతోంది.

రోజో కనిపించింది. ఓడ ఇంకా ఉంది. కానీ దాని మోకులు విప్పడం మొదలెట్టారు, మెట్లు పైకి లాగడానికి మనుషులు నిలబడ్డారు. మేము దగ్గరికి వెళ్ళేసరికి రేవు కావలివాడు చేతులు ఊపుతూ అడ్డొచ్చాడు.

"చేపల పడవలు ఇటు రాకూడదు. వెనక్కి పొండి."

వదిన ఏదో అనబోయింది. అంతలో గట్టు మీద ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. పొట్ట ఊగుతోంది, టోపీ ఎక్కడో పడిపోయింది. బెర్ట్రాండ్. కొండ విరిగిందని తెలిసినప్పటి నుంచీ అక్కడే తిరుగుతున్నాడట, ఓడవాళ్ళతో ఇంకాస్త ఇంకాస్త అని బతిమాలుతూ.

"అడ్డు లేవయ్యా" అని కావలివాడి మీద అరిచాడు. "అవి చేపల పడవలా? వాటిలో ఉన్నది ఎవరో కళ్ళు పెట్టి చూడు. మోకు ఇలా విసురు వెరోనా."

వదిన విసిరిన మోకుని తనే పట్టుకుని, ఆ పాడు మోకాళ్ళ మీద కూలబడి, గట్టు కొక్కేనికి కట్టాడు. ఒక్కొక్కళ్ళనీ చెయ్యి పట్టి పైకి లాగాడు. అప్పుడు పైనుంచి చప్పట్లు వినిపించాయి. తల ఎత్తి చూస్తే ఓడ అంతస్తులన్నిటి మీదా జనం, కటకటాల మీద వంగి చేతులు ఊపుతున్నారు. మేము వచ్చినంత దూరం చూస్తూనే ఉన్నారట.

గోర్డన్ గట్టు ఎక్కి, మళ్ళీ వెనక్కి తిరిగాడు. తడిసి ముద్దయి ఉన్నాడు. "ఆ సొరకాయ బుర్ర నాకిస్తారా?" అని అడిగాడు చిన్నపిల్లాడిలా. మా ఆయన ఇచ్చేశాడు. ఇర్మా వచ్చి వదిన మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టి, నా దగ్గర కర్ర పుచ్చుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఓడ కదిలింది. మేమూ ఇంటిదారి పట్టాం. మా అఖాతం ముందు ఓడ మమ్మల్ని దాటేటప్పుడు మూడుసార్లు గట్టిగా కూత వేసింది. ఊరంతా గట్టు మీదికొచ్చి, గిన్నెలూ మూతలూ వాయించి బదులు చెప్పింది. వదిన పడవలో కూలబడి భోరున ఏడ్చింది. మా ఆయన ఇంజను ఆపేసి అక్క ఏడుపు అయ్యేదాకా ఆగాడు.

ఆ తరవాత జరిగింది మాలో ఎవరం ఊహించలేదు. మరుసటి వారం వేరే ఓడ దిగినవాళ్ళు రేవులో బెర్ట్రాండ్‌ని అడిగారట, పడవలో తిరిగొచ్చే ఊరు ఎక్కడ అని. ఆ తరవాతి వారం ఇంకా ఎక్కువమంది అడిగారు. రోడ్డు బాగుచేశాక కూడా పడవే కావాలన్నారు. ఇప్పుడు మా ఊరికి రావడం బండిలో, తిరిగి పోవడం పడవలో. మా పడవలకి బల్లలు బిగించారు, నీడకి గుడ్డ కట్టారు. పక్క దీవికి పోదామని సామాను సర్దుకున్న కుర్రాళ్ళలో చాలామంది ఊళ్ళోనే ఆగిపోయారు. బాదం చెట్టు కింద నాకిప్పుడు నలుగురు సాయం. బెర్ట్రాండ్ వదిన బండిని వరసలో మొట్టమొదట పెట్టించాడు. ఆవిడ ఊరుకుంటుందా? "ముందు వద్దు, నా వంతు వచ్చినప్పుడే ఇవ్వు. రేపు ఇంకో ఆడమనిషి బండి తెచ్చుకుంటే దానికీ వంతే ఇవ్వాలి" అంది. ఇద్దరు తెచ్చుకున్నారు కూడా.

ఈ జూన్‌లో జాలర్లని కాచే సెయింట్ పీటర్ పండగ వచ్చింది. పడవలన్నిటికీ పూలూ రంగు గుడ్డలూ కట్టి, ఫాదరు దీవించిన నీళ్ళు చల్లాక, అఖాతంలో ఊరేగింపు. ముందు నడిచే పడవలో నిలబడేది ఎప్పుడూ ఊళ్ళోకెల్లా పెద్ద జాలరి. ఈసారి ఆ ముసలాయన గుడి మెట్ల మీద ఊళ్ళోవాళ్ళందరి ముందు అన్నాడు, "నా కళ్ళు మసకబారాయి. వెరోనా నిలబడుతుంది."

ఒకప్పుడు మూతులు తిప్పుకున్న ఇళ్ళవాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. ఎవరూ కాదనలేదు. ఒకావిడ తన తలకి కట్టుకున్న మద్రాసు గళ్ళ గుడ్డ విప్పి, వదిన తలకి కట్టి, ముడి బిగించింది.

"ఏమే అన్సెల్మా, బాగుందా?" అంది వదిన నాకేసి తిరిగి.

"బాగుంది వదినా."

"అబద్ధాలాడకు. వంకరగా ఉంది, సరిచెయ్యి."

సరిచేశాను. ఆవిడ నీళ్ళలోకి నడిచి పడవెక్కి, ముందు కొసన నిలబడి, కుడి చెయ్యి ఎత్తి ముందుకి ఊపింది. వెనక పడవలన్నీ ఒక్కసారిగా కదిలాయి.